ఫోనులోని చుక్కను ఎంతవరకు నమ్మవచ్చును?

ఒకే పొలమున, ఒకే గట్టుమీద నిలిచి, ఉదయమొకసారి, సాయంకాలమొకసారి చేతిఫోనులోని పటమును చూచినచో, మన స్థానమును తెలుపు నీలపు చుక్క రెండు వేరువేరు చోట్ల కనబడుట మనలో చాలమంది గమనించిన విషయమే. గట్టు కదలలేదు, మనము కదలలేదు, చుక్క మాత్రము కదలినది. దీనికి కారణమేమి? ఫోను చెడినదా? ఉపగ్రహము తప్పు చెప్పినదా? లేక ఆ చుక్క ఇయ్యలేనిదానిని మనమే దానినుండి కోరుచున్నామా?

ఇది వినోదమునకు వేసిన ప్రశ్న కాదు. హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల పల్లెలలో అన్నదమ్ముల పంపకములందును, ఇరుగుపొరుగు రైతుల గట్టు తగవులందును ఇపుడు ఫోను కూడ సాక్ష్యమునకు వచ్చుచున్నది. "ఉపగ్రహమే చూపుచున్నది కదా, ఇక వాదమెందులకు?" అనువారు కలరు. అర్ధరాత్రివేళ 108 వాహనమునకు దారి చెప్పవలసి వచ్చినపుడును ఆ చుక్కయే ఆధారమగుచున్నది. గట్టు విషయమున దానిని అతిగా నమ్ముట కీడు. ప్రాణము మీదికి వచ్చినపుడు దానిని వినియోగించుకొనలేకపోవుటయు కీడే. కాబట్టి ఆ చుక్క ఎట్లు పుట్టుచున్నదో, ఎందువలన తప్పుచున్నదో మన విద్యార్థులును వారి తల్లిదండ్రులును తెలిసికొనవలెనని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

తెలుగు చెప్పువారు ఉపగ్రహములను గూర్చి వ్రాయుటేల యని కొందరు అడుగవచ్చును. ఒక విషయమును మన ఇంటి భాషలో ఇతరులకు చెప్పగలిగిననాడే అది మనకు పూర్తిగా తెలిసినట్లని మా నమ్మకము. మన బిడ్డలు తెలుగున కథలు మాత్రమే గాక శాస్త్రమును కూడ చదువవలెను.

కొలుచునది కాలమును

ఉపగ్రహము పైనుండి మనలను చూచుచున్నదని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. స్థానము తెలిసికొనుటకై ఫోను ఉపగ్రహమునకు ఏమియు పంపదు. రేడియో కేంద్రము పాడుచుండగా మనము ఇంట కూర్చుండి వినునట్లు, ఉపగ్రహము చెప్పుచుండును, ఫోను వినుచుండును. జి.పి.ఎస్. అనునది అమెరికా దేశపు ఏర్పాటు. దాని మొదటి ఉపగ్రహము 1978లో ఎగిరినది. 1995 నాటికి ఏర్పాటు సంపూర్ణమైనది. ఇపుడు సుమారు 30 ఉపగ్రహములు భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున, దినమునకు రెండు పర్యాయములు భూమిని చుట్టివచ్చుచున్నవి. రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైడూ, మన దేశపు నావిక్ అనునవియు ఇట్టివే.

ప్రతి ఉపగ్రహమును ముఖ్యముగ రెండు మాటలు చెప్పుచుండును. "నేను ఇచట ఉన్నాను" అనునది మొదటిది. "నా గడియారములో ఇపుడు ఇంత సమయము" అనునది రెండవది. రేడియో తరంగము సెకండునకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగముతో పయనించును. ఐనను అంత దూరమునుండి దిగివచ్చుటకు దానికి సెకండులో సుమారు 7 వందల వంతులు కాక, 7 నూరవ వంతులు పట్టును, అనగా ఒక సెకండును నూరు భాగములు చేసిన అందులో ఏడు భాగములు. సంకేతము బయలుదేరిన సమయమును, చేరిన సమయమును పోల్చి, మధ్య గడచిన కాలమును వేగముతో హెచ్చించి, ఉపగ్రహము ఎంత దూరమున ఉన్నదో ఫోను లెక్కించును.

దూరములు తెలిసినచో స్థానమెట్లు తెలియును? బావినుండి 40 గజముల దూరమున ఒక నిధి ఉన్నదని ఎవరైన చెప్పినచో, బావి చుట్టును 40 గజముల త్రాటితో ఒక వృత్తము గీయవలెను. ఆ వృత్తముమీద ఎచటనైన నిధి ఉండవచ్చును. చింతచెట్టునుండి 60 గజములని కూడ చెప్పినచో మరియొక వృత్తము గీయుదుము. రెండు వృత్తములు ఖండించుకొను చోట్లు రెండు మాత్రమే. మూడవ గుర్తునుండి దూరము తెలిసినచో సందేహము తీరును. ఆకాశమున వృత్తములకు బదులు గోళములు. అంతయే భేదము. ఐతే ఉపగ్రహములు మూడు చాలవు, నాలుగు వలయును. ఏలయనగా ఫోనులోని గడియారము చౌకది. దాని తప్పు ఎంతయో కనుగొనుటకు నాలుగవ ఉపగ్రహము సాయపడును.

ఇచటనే ముఖ్యవిషయము కలదు. సెకండులో పదిలక్షల వంతు కాలము తప్పినచో దూరము 300 మీటర్లు తప్పును. నూరు కోట్ల వంతు తప్పినచో 30 సెంటీమీటర్లు తప్పును. అనగా చుక్క పక్కకు జరిగినదనిన, ఎచటనో కాలపు లెక్క తప్పినదన్నమాట. ఆ తప్పు గడియారములో ఉండవచ్చును, దారిలో ఉండవచ్చును, మన పరిసరములలో ఉండవచ్చును. వానిని వరుసగా చూతము.

గడియారపు తప్పు

ఉపగ్రహములలో పరమాణు గడియారములను అమర్చుదురు. అవి మిక్కిలి నమ్మకమైనవి. ఐనను ఎత్తున ఉండుటవలనను, వేగముగ తిరుగుటవలనను వాని నడక భూమిమీది గడియారముల నడకతో సరిపోదు. ఐన్‌స్టీను చెప్పిన సాపేక్ష సిద్ధాంతము ననుసరించి అవి దినమునకు సెకండులో పదిలక్షల వంతులు 38 ముందునకు పోవును. ఈ భేదమును ముందుగనే సరిచేయకున్నచో, ఒక్క దినములో దూరపు లెక్క 11 కిలోమీటర్లు తప్పును. పుస్తకములలో మాత్రమే ఉండు సిద్ధాంతమని చాలమంది అనుకొనునది మన జేబులోని ఫోనులో ప్రతి నిమిషమును పనిచేయుచున్నది.

గడియారపు తప్పును మనుష్యులే కావలెనని చేర్చిన కాలమును కలదు. సామాన్యప్రజలు వాడుకొను సంకేతములో గడియారమును అమెరికా ప్రభుత్వము బుద్ధిపూర్వకముగ కొంచెము కదలించెడిది. దానివలన స్థానము సుమారు 100 మీటర్ల వరకు తప్పెడిది. 2000 సంవత్సరము మే నెల ఆరంభమున ఆ పద్ధతిని మానివేసిరి.

మన దేశము తనకంటూ ఒక ఏర్పాటు చేసికొన్నది. దాని మొదటి ఉపగ్రహము 2013 జూలై 1న శ్రీహరికోటనుండి ఎగిరినది. 2016 ఏప్రిలులో ఏడవ ఉపగ్రహము చేరిన పిదప దానికి నావిక్ అను పేరు పెట్టిరి. కాని కొద్ది సంవత్సరములకే మొదటి ఉపగ్రహములోని మూడు పరమాణు గడియారములును చెడిపోయినవి. ఉపగ్రహము ఆకాశముననే ఉన్నది, దాని రేడియోయు ఉన్నది. గడియారము లేనందున దారి చూపుటకు మాత్రము అది పనికిరానిదైనది. 2023 మే 29న పంపిన ఎన్.వి.ఎస్.-01 అను ఉపగ్రహమున మన దేశములోనే తయారైన రుబీడియం గడియారమును అమర్చిరి. 2025 జనవరి 29న పంపిన తరువాతి ఉపగ్రహము ఉద్దేశించిన కక్ష్యను చేరలేకపోయినది. ఈ ప్రయత్నము ఎంత కష్టమైనదో దీనివలన తెలియుచున్నది.

దారిలోని ఆలస్యము

ఉపగ్రహమునుండి బయలుదేరిన సంకేతము చాల దూరము శూన్యములో పయనించి, చివరకు మన వాయుమండలమును ప్రవేశించును. భూమికి సుమారు 60 కిలోమీటర్ల ఎత్తునుండి వందలకొలది కిలోమీటర్ల వరకు ఐనో ఆవరణము కలదు. సూర్యుని కిరణములు అచటి వాయుకణములనుండి ఎలక్ట్రానులను విడదీయును. ఆ ఎలక్ట్రానుల గుంపునడుమ నడచు సంకేతము ఆలస్యమగును. తిరునాళ్ల జనములో నడచువాడు ఖాళీ బాటలో నడచువానివలె పోలేడు కదా! ఈ ఆలస్యమువలన దూరపు లెక్క కొన్ని మీటర్లు మొదలుకొని, ఒక్కొక్కపుడు పదుల మీటర్ల వరకు తప్పును. రాత్రి ఎలక్ట్రానులు తగ్గును. మధ్యాహ్నము దాటిన తరువాత మిక్కుటముగ నుండును. గట్టుమీది చుక్క ఉదయమొకచోట, సాయంకాలమొకచోట కనబడుటకు ఇది ఒక కారణము.

ఈ విషయమున మన దక్షిణదేశమునకు ఒక విశేషము కలదు. భూమియొక్క అయస్కాంత మధ్యరేఖ మన దేశపు దక్షిణాగ్రమునకు చేరువగా పోవుచున్నది. దాని పరిసరములలో సూర్యాస్తమయము తరువాత ఐనో ఆవరణమున ఎలక్ట్రానులు పలుచబడిన పెద్ద బుడగలు పుట్టి పైకి లేచును. వాని గుండ వచ్చు సంకేతము నక్షత్రము మిణుకుమనునట్లు మిణుకుచు, ఒక్కొక్కపుడు పూర్తిగా తెగిపోవును. పగలు రాత్రి సమానముగ నుండు కాలమున, అనగా మార్చి, ఏప్రిలు మాసములందును, సెప్టెంబరు, అక్టోబరు మాసములందును ఇది అధికము. తిరుపతికి చేరువనున్న గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాలవారు పెద్ద రాడారుతో ఇట్టి అలజడులను పరిశీలించుచున్నారు.

సూర్యునిలో తుపానులు రేగినపుడు కష్టము ఇంకను హెచ్చును. 2024 మే 10, 11 తేదీలలో అట్టి గొప్ప తుపాను భూమిని తాకినది. అపుడు అమెరికాలో విత్తనములు నాటు కాలము. ఉపగ్రహముల సాయముతో చాళ్లు తప్పక నడచు ట్రాక్టరులను అనేకులు ఆపివేయవలసి వచ్చినది.

ఐనో ఆవరణమునకు క్రింద, మనము పీల్చు గాలి గల ట్రోపో ఆవరణము కలదు. అదియు సంకేతమును ఆలస్యము చేయును. ఉపగ్రహము నడినెత్తిన ఉన్నచో ఈ తప్పు సుమారు రెండున్నర మీటర్లు. ఉపగ్రహము దిగంతమునకు చేరువనున్నచో సంకేతము గాలిలో ఏటవాలుగ చాల దూరము రావలెను. అపుడు తప్పు 20 మీటర్లను మించవచ్చును. దీనిలో చాల భాగమును లెక్కచేత తీసివేయవచ్చును.

మబ్బు పట్టినను, వాన కురిసినను చుక్క తప్పునని కొందరందురు. ఈ సంకేతముల తరంగములకు వానవలన కలుగు నష్టము అత్యల్పము. వానకాలమున చుక్క కదలినచో తడిసిన చెట్లనో, రేకుల కప్పునో అనుమానింపవలెను గాని మబ్బును కాదు.

గోడల ప్రతిధ్వని

కొండయెదుట నిలిచి కేక వేసినచో కేకయు, దాని ప్రతిధ్వనియు వినవచ్చును. ఉపగ్రహ సంకేతమును అట్లే ఎత్తయిన గోడలను, రేకుల షెడ్లను, బండరాతి గుట్టలను తాకి మరలును. తిన్నగ వచ్చిన సంకేతముకంటె మరలివచ్చిన సంకేతము కొంత దూరము అధికముగ నడచును. ఫోను ఆ రెండింటిని కలగలిపి వినినచో ఉపగ్రహము మరింత దూరమున ఉన్నదని భ్రమపడును. గుట్టను ఆనుకొనియున్న పొలములందు చుక్క తరచుగ పొరపడుటకు ఇదియే కారణము.

ఉపగ్రహములు ఆకాశమున ఏ దిక్కులందున్నవో అదియు ముఖ్యమే. నల్లబల్లమీద సుద్దముక్కను అడ్డముగ పట్టి రెండు లావుపాటి గీతలు గీయుడు. అవి నిలువుగ, అడ్డముగ ఖండించుకొన్నచో కలిసిన చోటు చిన్న చతురము. అవి ఇంచుమించు ఒకే వాలున ఖండించుకొన్నచో కలిసిన చోటు పొడవైన చీలిక. గీతల లావు మారలేదు, తప్పు మాత్రము పెరిగినది. ఉపగ్రహములు నలుదిక్కుల చెదరియున్నచో చుక్క నిలుకడగ నుండును. ఒకవైపు గుట్టయో మేడయో ఆకాశమును కప్పినచో మిగిలిన ఉపగ్రహములన్నియు ఒకే పక్కన గుమిగూడియుండును, చుక్క ఊగులాడును.

సంకేతము ఎంత బలహీనమైనది?

ఒక్కొక్క ఉపగ్రహము ప్రసరించు శక్తి కొన్ని పదుల వాట్లు మాత్రమే, అనగా మన ఇండ్లలో పూర్వము వాడిన విద్యుద్దీపమంత. ఆ కొంచెమును భూగోళపు ఒక పార్శ్వమంతటికి పంచవలెను. మన చేతికి వచ్చుసరికి మిగులునది ఎంత? ఒక వాట్టును కోటి కోట్ల భాగములు చేసి, అందులో ఒక భాగమును మరల నూరు చేసినచో, వానిలో ఒకటి రెండు మాత్రమే. ఫోనులో సహజముగ నుండు విద్యుత్తు గలగలకంటె అది తక్కువ.

మరి ఫోను దానిని ఎట్లు వినుచున్నది? హోసూరు సంతలో వేయిమంది తమిళమున, కన్నడమున బేరములాడుచుండగా, దూరమున ఎవరో మెల్లగ తెలుగు మాటలాడినచో మన చెవి దానిని పట్టును. గొంతు పెద్దదని కాదు. ఆ పలుకు మనకు ముందే తెలిసినదని. ప్రతి ఉపగ్రహమునకును తనదైన పలుకు కలదు. జి.పి.ఎస్.లో సామాన్యులు వాడుకొను సంకేతమునందు అది 1023 అక్షరముల మాటవంటిది. సెకండునకు వేయిసార్లు మరల మరల వినవచ్చును. ఆ పలుకు ఫోనునకు ముందే కంఠస్థము. దానిని పోల్చి పోల్చి గలగలలో నుండి పట్టుకొనుచున్నది.

ఇంత సన్నని సంకేతమునకు అడ్డంకి పెద్దది కానక్కరలేదు. కాంక్రీటు కప్పు, రేకుల కప్పు, బస్సుపై ఇనుము, దట్టమైన మామిడితోపులోని తడియాకులు, చివరకు మన శరీరము కూడ దానిని తగ్గించును. దగ్గరనే బలమైన రేడియో యంత్రము అదే తరంగముమీద మ్రోగినచో సంకేతము పూర్తిగ మునిగిపోవును. ఇంటిలో ఉపగ్రహము వినబడనపుడు ఫోను సెల్లు టవరులను, వైఫై యంత్రములను ఆధారముగ కొని స్థానమును ఊహించును. ఆ ఊహ వందల మీటర్లు తప్పవచ్చును. ఇంటినుండి వాకిటికి రాగానే చుక్క గంతువేయుట ఇందువలననే.

తప్పును తగ్గించు ఉపాయములు

తరంగపు పౌనఃపున్యము హెచ్చినకొలది ఐనో ఆవరణపు ఆలస్యము తగ్గును. కాబట్టి రెండు వేరువేరు పౌనఃపున్యములను విను ఫోను ఆ రెండింటి భేదమునుండి ఆలస్యమెంతయో తానే లెక్కించుకొనగలదు.

రెండవ ఉపాయము మరింత తేలికగ అర్థమగును. సరిగా స్థానము తెలిసిన సర్వేరాతిమీద ఒక యంత్రమును నిలిపినారనుకొందము. ఉపగ్రహములు దానిని 3 మీటర్లు తూర్పునకు చూపుచున్నవి. ఆ క్షణమున చేరువనున్న మన యంత్రమును అంతే తూర్పునకు తప్పుచుండును. ఏలయనగా ఇద్దరి సంకేతములును ఒకే గాలిగుండ వచ్చినవి. రాతిమీది యంత్రము తన తప్పును మనకు తెలిపినచో మన తప్పును దిద్దుకొనవచ్చును. విమానములకై మన దేశమున ఏర్పడిన గగన్ అను పద్ధతి ఇట్టిదే. దేశమున 15 చోట్ల నిలిపిన కేంద్రములు తప్పులను కొలుచుచుండగా, బెంగళూరులోని ప్రధాన కేంద్రము వానిని లెక్కించి వేరు ఉపగ్రహముల ద్వారా దిద్దుబాటును పంపుచున్నది.

భూముల కొలతకు ఇంతకంటె సూక్ష్మమైన పద్ధతి కలదు. 1802లో విలియం లాంబ్టను మద్రాసు చెంత గొలుసుతో ఆధారరేఖను కొలిచి ఈ దేశపు గొప్ప సర్వేను ఆరంభించినాడు. ఆ సర్వే సంస్థవారే నేడు ఎడతెగక పనిచేయు ఉపగ్రహ కేంద్రములను స్థాపించినారు. వాని దిద్దుబాటును అందుకొను సర్వే యంత్రము కొన్ని సెంటీమీటర్లకు మించి తప్పదు. ఆంధ్రప్రదేశమున 2020 డిసెంబరులో ఆరంభమైన భూముల పునఃసర్వేలో ఇట్టి యంత్రములనే వాడినారు. ఐనను గోడల ప్రతిధ్వనిని ఈ ఉపాయములు తీర్చలేవు. అది ఎవరి చోట వారిది.

మనము చేయవలసినది

చుక్కను చూచువారు దాని చుట్టునున్న లేత నీలపు వృత్తమును కూడ చూడవలెను. "మీరు ఈ వృత్తములో ఎచటనో ఉండవచ్చును" అని ఫోను చెప్పుచున్న మాట అది. ఆకాశము బాగుగ కనబడు చోట మామూలు ఫోను తప్పు సుమారు 5 మీటర్లు. గట్టు తగవు తరచుగ ఒక గజమునకో, రెండు గజములకో వచ్చును. 5 మీటర్లు తప్పు త్రాసుతో గజమును తూచుట ఎట్లు? కాబట్టి ఫోను చూపినదని గట్టు త్రవ్వరాదు, రాయి జరుపరాదు, అన్నదమ్ములు మాటలు మానుకొనరాదు. పట్టాయును, ఎఫ్.ఎం.బి. పటమును తీసికొని తాలూకా సర్వేయరుచేత కొలిపింపవలెను.

108 వాహనమునకు మాత్రము 5 మీటర్లు లెక్క కాదు. ఇల్లు దొరికినచో చాలును. అపుడు ఇంటిలోనుండి గాక వాకిటికి వచ్చి, ఆకాశము కనబడుచోట కొద్దిసేపు నిలిచి, వృత్తము చిన్నదైన పిదప స్థానమును తెలుపవలెను. టవరు అందని చోట ఫోను ఉపగ్రహమునుండియే సమాచారమంతయు వినవలెను గనుక అర నిమిషమో, అంతకు మించియో పట్టును, తొందరపడరాదు. మరియు మన ఊళ్లకు తెలుగున ఒక పేరు, తమిళమున ఒక పేరు ఉండుట కలదు. పటములో ఏ పేరు వ్రాసిరో చూచుకొని ఆ పేరును, గుడియో బడియో ఒక గుర్తును కూడ చెప్పవలెను. పటము వ్రాసినవారి తప్పును ఏ ఉపగ్రహమును దిద్దలేదు.

విద్యార్థులకు ఒక పని చెప్పి ముగింతుము. సెలవు దినమున మీ ఇంటి వాకిట ఒక రాతిని గుర్తుగ పెట్టుకొని, పెద్దల ఫోను నడిగి, ఉదయమునుండి రాత్రివరకు గంటకొకసారి దానిమీద ఉంచి అక్షాంశ రేఖాంశములను వ్రాసికొనుడు. దశాంశ బిందువు తరువాత ఐదవ అంకెలో ఒకటి భేదము వచ్చినచో నేలమీద సుమారు ఒక మీటరు భేదము. ఆ స్థానములన్నింటిని గళ్ల కాగితముమీద చుక్కలుగ గుర్తింపుడు. గుట్ట పక్కన ఇల్లు గలవారి చుక్కలును, బయలు పొలమున ఇల్లు గలవారి చుక్కలును ఎట్లు భేదించునో తరగతిలో పోల్చి చూతము.